పదిహేడో చిలుక

మే 19, సోమవారం

మగ్గం ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేశాను. మా హెడ్ దేవేంద్రప్ప సార్ పేజీలు తిప్పి, సంతకం పెట్టి, "బాగుందమ్మా శివజ్యోతీ" అన్నారు. ఈ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరుగా నాలుగేళ్లుగా చేస్తున్నాను. ఆయన నోటి నుంచి ఆ మాట వినడం ఇదే మొదటిసారి. సంతోషంలో ఆటో ఎక్కకుండా కర్నూలు సి.క్యాంపు నుంచి గదికి నడిచే వచ్చాను.

అందులో ఒక్క గడి గురించి మాత్రం ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. అందుకే ఈ నోటుబుక్కు తీశాను. 'బోర్డు మీద పరీక్షించిన రోజులు' అన్నచోట ముప్పై అని రాశాను. బోర్డు అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు. అది మా చేతికి వచ్చిందే మే 12న. ఏప్రిల్ అంతా దానికోసం ఎదురుచూస్తూ కూర్చోలేక, నా గదిలో ఉన్న పాత పీసీలో ఎమ్యులేటర్ పెట్టుకున్నాను. పీసీ లోపల ఆ బోర్డు ఉన్నట్టే నటించే ప్రోగ్రాము అది. మగ్గం నడిపే నా ప్రోగ్రామును ముప్పై రోజులూ అందులోనే తిప్పాను. ఒక్క తప్పు రాలేదు. బోర్డు వచ్చాక అందులోకి ఎక్కించి, 17న ఎమ్మిగనూరు తీసుకుపోయి రామలింగప్ప పెద్దనాయన మగ్గానికి బిగించి వచ్చాను.

ఇన్నాళ్లూ చీర అంచులో బొమ్మ రావాలంటే మగ్గం మీద చిల్లుల అట్టల దండ తిరగాలి. ఏ పోగు లేవాలో ఆ చిల్లులే చెప్తాయి. ఇప్పుడు ఆ పని బోర్డు చేస్తుంది. అట్టలు మూట కట్టి అటక ఎక్కించారు.

బోర్డు మీద తిప్పినా, పీసీలో తిప్పినా ప్రోగ్రాము అదే. రెండూ ఒకటే. అందుకని అది అబద్ధం కాదు.

మే 23, శుక్రవారం

పెద్దనాయన ఫోన్ చేశాడు. ఆయనా మా నాయన కంబన్నా ఒకే వీధిలో ముప్పై ఏళ్లు మగ్గం నేశారు. నాయన పోయాక కూడా నన్ను ఆ ఇంట్లో పిల్లలాగే చూస్తారు. చీర ఒకటి దిగిందట, చేనేత సొసైటీ వాళ్లు చిలుకల అంచు చూసి మెచ్చుకున్నారట. "సిలకలు బారు కట్టినాయి జ్యోతమ్మా. మీ నాయన ఉండింటే ఈ మగ్గాన్ని ఇడ్సి పోయేటోడు కాదు," అన్నాడు.

ఆ మాటతో ఈరోజంతా గడిచిపోయింది.

మే 30, శుక్రవారం

పెద్దనాయన మళ్లీ ఫోన్ చేశాడు. రెండో చీర విప్పి చూస్తే అంచులో ఒక చిలుకకు తల లేదట.

మే 31, శనివారం

ఎమ్మిగనూరు పోయి వచ్చాను. రాయలేను.

జూన్ 1, ఆదివారం

రాయాలి.

చీర నట్టింట్లో మంచం మీద పరిచి ఉంది. గంగాదేవి పెద్దమ్మ వేలుపెట్టి చూపించింది. మా అంచులో చిలుక తోక దగ్గర మొదలై ముక్కు దగ్గర ముగుస్తుంది. ఈ చిలుక మెడదాకా చక్కగా వచ్చింది. అక్కడ మెడ తెగి, మళ్లీ తోక మొదలైంది. తర్వాతవన్నీ బాగున్నాయి. మగ్గం మీద బట్ట వెనకవైపు పైకి ఉంటుంది, దాని నిండా పోగులు వేలాడుతుంటాయి. అందుకే నేసేటప్పుడు తెలియలేదు. సొసైటీ వాళ్లు చీర వెనక్కిచ్చారు.

నేను ఏదైనా అడిగే లోపలే పెద్దనాయన తప్పు తన మీద వేసుకున్నాడు. "కరెంటు పోయినప్పుడు సూడకుండా తొక్కింటా. కండ్లు పోయినాయి నాకు," అన్నాడు. పోయిన ఏడాది ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. అరవై మూడేళ్లు. యాభై ఏళ్లుగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి, ఇంతవరకు ఒక్క చీర వెనక్కి రాని మనిషి, ఆ మాట నేల చూస్తూ అన్నాడు.

నేను ఏమీ అనలేదు. అది నిజమో కాదో నాకప్పుడు తెలియదు. తెలియనప్పుడు ఏం అంటాను? పెద్దమ్మ ఎప్పటిలాగే అన్నం తిననిదే కదలనీయలేదు. కొర్రన్నం, పుంటికూర పప్పు. తిన్నాను.

జూన్ 3, మంగళవారం

ఎమ్యులేటర్‌లో నలభైసార్లు కరెంటు పోయినట్టు చేసి చూశాను. నలభైసార్లూ ఆగినచోటు నుంచే సరిగ్గా మొదలైంది. తల తెగిన చిలుక ఒక్కటీ రాలేదు.

కాబట్టి ప్రోగ్రాములో ఏమీ లేదు. పాపం, పెద్దనాయన కళ్లే. వయసు ఎవరిని వదిలిపెడుతుంది? అమ్మయ్య అనిపించింది. అనిపించినందుకు సిగ్గుగానూ ఉంది. అయినా రాత్రి బాగా నిద్రపట్టింది.

జూన్ 7, శనివారం

పొద్దున పెద్దమ్మ ఫోన్. ఆమెకు వేరే దిగులు. "అమావాస్య ముందు దినం సాయంత్రం అన్నీ ఊడబీకి మగ్గం తుడిస్తి. నేనేమన్నా కదిలిస్తినేమో జ్యోతమ్మా. ఆయప్పేమో తన కండ్లు అంటాండాడు," అంది. అదేం లేదులే పెద్దమ్మా అని పెట్టేశాను.

పెట్టేశాక చేతిలో టీ అలాగే చల్లారిపోయింది.

అమావాస్య నాడు మగ్గం ముట్టరు. కడిగి, బొట్టు పెట్టి, దీపం వెలిగించి దండం పెడతారు. మా ఇంట్లోనూ అంతే. మా అమ్మ ముందు రోజే మగ్గం చుట్టుపక్కల ఉన్నవన్నీ తీసేసేది. మే 27 మంగళవారం అమావాస్య. పెద్దమ్మ సోమవారం సాయంత్రం బోర్డు ప్లగ్గు పీకింది. బుధవారం పొద్దున మళ్లీ పెట్టింది. అంటే బోర్డు ఒకటిన్నర రోజు చచ్చి బతికింది.

నా పీసీలో గడియారం నడవడానికి ఒక చిన్న బిళ్ల బ్యాటరీ ఉంది. బోర్డుకు లేదు. ఆ సంగతి దానితో వచ్చిన కాగితంలో మొదటి పేజీలోనే రాసి ఉంది. కరెంటు పోతే దానికి కాలం ఆగిపోతుంది. వచ్చాక, గంటకోసారి రాసిపెట్టుకున్న పాత టైము నుంచి మళ్లీ నడుస్తుంది. ఇంటర్నెట్ ఉంటే సరిచేసుకుంటుంది. పెద్దనాయన ఇంట్లో ఇంటర్నెట్ ఎక్కడిది?

నా ప్రోగ్రాము పది పోగులకోసారి ఎంతవరకు నేశామో ఒక చీటీ రాసుకుంటుంది. కరెంటు పోయి వస్తే చీటీలన్నిటిలో ఆఖరి టైము ఉన్నదాన్ని తీసుకుని అక్కడి నుంచి మొదలుపెడుతుంది. పీసీలో అది ఎప్పుడూ తప్పలేదు, ఎందుకంటే ఎమ్యులేటర్ నా పీసీ గడియారాన్నే అడిగి టైము తెచ్చుకుంటుంది.

ఈరోజు దానికి ఆ గడియారం అందకుండా చేశాను. ఒక్క మాట మార్చితే చాలు. సోమవారం సాయంత్రం ఐదూ యాభైకి ప్లగ్గు పీకినట్టు పెట్టాను. మళ్లీ లేచేసరికి ఎమ్యులేటర్‌కు ఇంకా సోమవారం ఐదుంబావే. బుధవారం పొద్దున తోక నుంచి మెడ దాకా నేసిన చీటీల మీద ఐదూ ఇరవై, ఐదున్నర అని పడ్డాయి. అప్పుడు ఇంకోసారి కరెంటు తీశాను. లేచి చీటీలు వెతికితే అన్నిటికంటే కొత్తగా కనబడింది సోమవారం ఐదూ యాభై చీటీ. అందులో ఉన్నది తోక.

తల లేని చిలుక నా తెర మీదికి వచ్చి నిలబడింది.

బోర్డు మీద ఒక్క వారం తిప్పి ఉంటే పట్టుబడేది. అమావాస్యకు మగ్గం ఆపుతారని నేతగాడు కంబన్న కూతురికి ఎవరు చెప్పాలి?

జూన్ 8, ఆదివారం

ఈరోజు చెప్పాలి.

జూన్ 9, సోమవారం

ఫోన్‌లో చెప్పేది కాదు. పోయి చెప్తాను.

జూన్ 11, బుధవారం

పోయాను. చెప్పలేదు.

కొత్త ప్రోగ్రాము తెచ్చానని, ఇంకా బాగా నడుస్తుందని అన్నాను. టైము చూడకుండా చీటీల వరస నంబరు చూసేలా మార్చాను. ఐదు నిమిషాల పని. పాత చీటీలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానంటే, ఏమో, అక్కడ ఉండకూడదనేమో.

పెద్దనాయన మగ్గం ఎక్కలేదు. పది రోజులుగా ఎక్కడం లేదట. అన్నం కలుపుకునేముందు కూర ఏమిటని పెద్దమ్మను అడుగుతున్నాడు. వీధిలోకి పోవాలంటే ఆమె చేయి పట్టుకుంటున్నాడు. కూతురు రాజేశ్వరి ఎర్రగుంట్లలో ఉంటుంది. అల్లుడు అక్కడ లారీల షెడ్డులో కాపలా పని మాట్లాడి పెట్టాడట. జూన్ 25 అమావాస్యకు ఆఖరి పూజ చేసి, మరునాడు మగ్గం విప్పి, ఇద్దరూ అక్కడికి వెళ్లిపోతారు. "గేటు కాడ కూసోనేదానికి కండ్లు ఎంతుంటే ఏమిలే," అన్నాడు.

ఆ మాట దగ్గరైనా నోరు విప్పాల్సింది. "ఒకసారి కర్నూలులో చూపించుకో పెద్దనాయనా" అన్నాను. ఎంత మంచిదాన్ని.

జూన్ 16, సోమవారం

కంటి ఆస్పత్రికి నేనే వెంట ఉన్నాను. ఓపీ చీటీ రాయించాను, బెంచీ మీద పక్కన కూర్చున్నాను, చుక్కలు వేసినప్పుడు చేయి పట్టుకున్నాను. గోడ మీది అక్షరాలు ఆఖరి వరస దాకా చదివాడు. డాక్టరు ఆపరేషన్ అయిన కన్ను బ్రహ్మాండంగా ఉందని, ఇంకో పదేళ్లు నేయొచ్చని అన్నాడు.

ఇక కుదుటపడతాడనుకున్నాను. నేను చెప్పకుండానే పని జరిగిపోతుందనుకున్నాను. అందుకే తీసుకుపోయాను, ఇంకెందుకూ కాదు.

బయటికి వచ్చాక వేపచెట్టు కింద నిలబడి అన్నాడు: "డాక్టరు నా కండ్లు సూసినాడు గానీ, ఆ సిలకను సూడల్యా గదమ్మా."

బస్సు ఎక్కించాను. కిటికీలోంచి చేయి ఊపి, నాకు శానా శ్రమ పెట్టానన్నాడు.

జూన్ 20, శుక్రవారం

దేవేంద్రప్ప సార్ పిలిచారు. ఇంకో పన్నెండు మగ్గాలకు బోర్డులు పెడతారట. నా రిపోర్టు చూపించే పైవాళ్లను ఒప్పించారట. నా కాంట్రాక్టు పొడిగింపు సంగతి నెలాఖరులో తేలుతుందని, దిగులు పడొద్దని అన్నారు.

ప్రోగ్రాము ఇప్పుడు సరిగ్గానే ఉంది. ఆ పన్నెండు మగ్గాలకు ఏమీ కాదు. నేను చెప్పినా చెప్పకపోయినా ఏమీ కాదు. ఒక్క మగ్గం తప్ప.

జూన్ 24, మంగళవారం

పెద్దమ్మ ఫోన్ చేసి రేపు పూజకు రమ్మంది. ఆ మగ్గానికి మొదటి పడుగు ఎక్కించిన రోజు మా నాయన ఉన్నాడట. ఆఖరి రోజు ఆయన కూతురైనా ఉండాలట.

వస్తానన్నాను. రేపు నోరు విప్పకపోతే నేను మనిషిని కాను. ఈ మాట ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను, రేపు తప్పించుకోవడానికి ఉండకుండా.

జూన్ 25, బుధవారం

పొద్దున ఆరున్నర బస్సుకు పీసీ డబ్బా ఒళ్లో పెట్టుకుని పోయాను. మాటలు చాలవని తెలుసు. అమావాస్య నాడు మగ్గం నడిపి చూపించమనడానికి లేదు. నా ఎమ్యులేటర్‌కు మగ్గం ముట్టే పని లేదు. కండక్టరు డబ్బాకు కూడా టికెట్టు తీసుకోమని ఆట పట్టించాడు. నాకు నవ్వు రాలేదు.

మగ్గం కడిగి పసుపు రాసి ఉంది. నిలబడే చెప్పేశాను. తప్పు నీ కళ్లది కాదు పెద్దనాయనా, పెద్దమ్మదీ కాదు, నాది అన్నాను.

ఆయన నన్ను చూసి చిన్నగా నవ్వాడు. "నా మనసు నొయ్యకూడదని నీ నెత్తిన ఏసుకుంటాండావు. కంబన్న గూడా ఇంతే. కూసో, నీల్లు తాగు," అన్నాడు.

ఇదొకటి జరుగుతుందని నేను అనుకోలేదు. పద్దెనిమిది రోజులు దాచిన నిజం, చెప్పేసరికి జాలి మాటగా కనబడింది. నేను ఏడ్చినకొద్దీ ఆయన ఇంకా గట్టిగా నమ్మాడు, నేను మంచిదాన్నని.

డబ్బాను వాళ్ల టీవీకి తగిలించాను. మొదలుపెట్టగానే కరెంటు పోయింది. గంటన్నర రాలేదు. ఆ గంటన్నర విసనకర్రలు ఊపుకుంటూ ముగ్గురం కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి రిపోర్టు సంగతి కూడా చెప్పాను. ముప్పై రోజులు పీసీలో తిప్పి, బోర్డు మీద తిప్పానని రాశానన్నాను. పెద్దమ్మ, రెండింటికీ అంత తేడా ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. నా పీసీకి కర్నూలులో ఇన్వర్టర్ ఉంది, గడియారం ఉంది, దానికి అమావాస్య లేదు అన్నాను. పెద్దనాయన విసనకర్ర ఆపాడు.

కరెంటు వచ్చింది. బోర్డులోంచి తెచ్చుకున్న చీటీలను వరసగా నడిపించాను. టీవీలో అంచు ఒక్కో పోగే పడుతూ చిలుకలు రావడం మొదలైంది. పెద్దనాయన ముందుకు జరిగి కూర్చున్నాడు. పదహారు చిలుకలు పూర్తిగా వచ్చాయి. ఇక్కడ పెద్దమ్మ ప్లగ్గు పీకింది అన్నాను. ఇక్కడ బుధవారం పొద్దున, ఇక్కడ కరెంటు పోయింది. తెర మీద మెడ తెగి తోక మొదలైంది.

"ఇది ఎన్నోది?" అన్నాడు.

పదిహేడోది అన్నాను.

లేచాడు. ఎవరి చేయీ పట్టుకోలేదు. పెట్టె తీసి ఆ చీర మంచం మీద వేసి, మొదటి నుంచి అంచు మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ పోయాడు. పద్నాలుగు, పదహైదు, పదహారు అని పెదవులు కదులుతున్నాయి. పదిహేడు దగ్గర వేలు ఆగింది.

"ఇది నీకి ఎప్పుడు తెలిసె?"

"జూన్ ఏడు పెద్దనాయనా."

"మనం కండ్ల డాక్టరు కాడికి పోయింది?"

"పదహారు."

ఆయన తల ఊపాడు. చీర మడత పెట్టాడు. తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పెద్దమ్మ దీపం వెలిగించింది. దండం పెట్టుకునేటప్పుడు ముగ్గురం మగ్గం ముందు నిలబడ్డాం. అయ్యాక ఆమె నా వైపు చూడకుండా, మూడు గంటల బస్సు పోతుందని, లెయ్యమని అంది. అన్నం తిని పో అనలేదు. ఆ ఇంట్లో ఆ మాట వినకుండా బయటికి రావడం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

జూన్ 27, శుక్రవారం

రిపోర్టు చివరి కాగితం మళ్లీ రాసి దేవేంద్రప్ప సార్‌కు ఇచ్చాను. పీసీలో పరీక్షించిన రోజులు: ముప్పై. బోర్డు మీద: సున్నా. లోపం కనుక్కున్న తేదీ: జూన్ 7. ఫారంలో అంతవరకే గళ్లు ఉన్నాయి. పక్కన స్కేలు పెట్టి ఇంకో గడి గీసి, నేతగాడికి చెప్పిన తేదీ, జూన్ 25 అని రాశాను.

సార్ చదివి, ఇప్పుడు సరిగ్గానే నడుస్తోంది కదా, ఇదంతా ఎవరు అడిగారు అన్నారు. ఎవరూ అడగలేదు అన్నాను. కాగితం సొరుగులో పెట్టుకున్నారు. నా పొడిగింపు సంగతి తర్వాత చూద్దామన్నారు. ఈసారి దిగులు పడొద్దని అనలేదు.

నిన్న పెద్దనాయన వాళ్లు ఎర్రగుంట్లకు పోయారో లేదో తెలియదు. ఫోన్ చేసే ముఖం లేదు.

జూన్ 28, శనివారం

పెద్దమ్మే చేసింది. రేపు వచ్చి బోర్డు విప్పుకుని పొమ్మంది. అంతే.

జూన్ 29, ఆదివారం

వీధి మొదట్లోనే మగ్గం చప్పుడు వినిపించింది. అది ఆ ఇంటిదేనా అని రెండు అడుగులు ఆగి విన్నాను. ఆ ఇంటిదే. గబగబా నడిచాను.

అట్టలు అటక దిగి మగ్గం పైకి ఎక్కి ఉన్నాయి. పెద్దనాయన గుంటలో కూర్చుని నేస్తున్నాడు. నా బోర్డును అప్పటికే పక్కకు జరిపి పెట్టారు, వైర్లు విప్పడమే మిగిలింది. వచ్చావా అన్నాడు. ఎర్రగుంట్ల ప్రయాణం మానుకున్నామని, అల్లుడికి చెప్పేశామని పెద్దమ్మ చెప్పింది. నేను మూల కూర్చుని స్క్రూలు విప్పుతున్నాను. ఇక అంతా సరిపోయిందని లోపల్లోపల అనుకుంటున్నాను కూడా.

అప్పుడు మగ్గం ఆగింది. బట్ట మంచి వైపు కనబడేలా అంచు కింద చిన్న అద్దం పెట్టుకున్నాడు, ఇదివరకు ఎన్నడూ లేదది. అందులోకి వంగి చూశాడు. చూసి, తల ఎత్తి పెద్దమ్మను అడిగాడు.

"తలకాయ పడెనా?"

పొయ్యి దగ్గర ఉన్న పెద్దమ్మ లేచి వచ్చి, వంగి చూసి, "పడింది," అంది. మగ్గం మళ్లీ కదిలింది.

అర్ధగంట గడిచేసరికి మళ్లీ ఆగింది. మళ్లీ అదే అడిగాడు. ఆమె చేతులు తుడుచుకుని మళ్లీ వచ్చింది. ఆమె ముఖంలో విసుగు లేదు, ఇది రోజూ జరుగుతున్న పని మాదిరి ఉంది. తప్పు ఎవరిదో ఆయనకు తెలుసు. తన వేలితో లెక్కపెట్టి తెలుసుకున్నాడు. అయినా అడుగుతున్నాడు.

బోర్డు సంచిలో వేసుకున్నాక కూడా సాయంత్రం దాకా నేను లేవలేకపోయాను. పెద్దమ్మ ఇంత అన్నం పెట్టింది. తిన్నాను. నేనున్నంతసేపట్లో పదకొండు చిలుకలు వచ్చాయి. అన్నిటికీ తలలున్నాయి. పదకొండుసార్లూ అడిగాడు.